చెక్క రెక్క చెప్పే మాట

(రేడియో గ్లైడర్ల పోటీల్లో కొత్తగా అడుగుపెడుతున్నవారి కోసం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఈ రెక్కను మీ చేతికిస్తున్నాను. ఒకరి తర్వాత ఒకరు చూసి పక్కవారికి అందించండి. రెండు మీటర్ల గ్లైడర్‌లో ఇది ఎడమ సగం, పొడవు మీటరు. ముందు అంచు, వెనుక అంచు పట్టుకోండి. మధ్యలో వేలితో నొక్కకండి, అక్కడ పలచటి ప్లాస్టిక్ పొర తప్ప ఏమీ లేదు. బరువు 95 గ్రాములు. దీన్ని మొదటిసారి పట్టుకునేవాళ్లను చూడటం నాకు సరదా. బరువుంటుందని చేయి సిద్ధపడుతుంది. ఆ బరువు తగలకపోయేసరికి చేయి దానంతటదే పైకి లేస్తుంది. అదిగో, మీకూ అలాగే అయింది. (నవ్వులు)

నన్ను పిలిచినవారు ‘పోటీల్లో గెలవడం ఎలా’ అని శీర్షిక పెట్టారు. నేను గెలిచిన పోటీలకంటే ఓడినవి చాలా ఎక్కువ. కాబట్టి ఓడిన సంగతులే వివరంగా చెప్పగలను. ఇన్నేళ్ల ఓటముల్లోంచి నాకు తేలిందొకటి ఉంది. గాలి ఎక్కడ లేస్తోందో, ఎక్కడ కుంగుతోందో తేలికైన చెక్క గ్లైడర్ చెబుతూనే ఉంటుంది. విన్నాక కూడా మనం కదలం. అక్కడే పోటీ పోతుంది.

పోటీ ఏమిటో ముందు చెప్పుకుందాం. రేడియో గ్లైడర్లలో చాలా రకాలున్నాయి. కొండ అంచున ఎగిరేవి, చేత్తో విసిరేవి, వేగంలో పందెం వేసేవి. నేను ఆడేది చెక్క గ్లైడర్ల తరగతి. జర్మనీలో మొదలైన ఈ ఆట తర్వాత అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్ఏఐ నియమావళిలోకి ఎఫ్3ఎల్ పేరుతో ఎక్కింది. రెక్కల కొస నుంచి కొసకు 2 మీటర్లు మించకూడదు. నిర్మాణం ప్రధానంగా చెక్కతో ఉండాలి. రెక్క మధ్యలో బరువు మోసే స్పార్ అనే దూలానికి, తోక గొట్టానికి మాత్రం కార్బన్ గొట్టాలు వాడుకోవచ్చు. అదుపు చేయడానికి మూడే ఉంటాయి: ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్, పైకీ కిందికీ వంచే ఎలివేటర్, దిగేటప్పుడు వాడే స్పాయిలర్. పెద్ద విమానాల రెక్కల చివర కదిలే ఏలెరాన్లు ఇక్కడ ఉండవు. పైకి ఎక్కించడానికి 15 మీటర్ల రబ్బరు, దానికి కట్టిన 100 మీటర్ల దారం. రబ్బరును లాగి, దారం చివరి రింగును గ్లైడర్ కొక్కానికి తగిలించి వదులుతారు. గాలిపటంలా పైకి వెళ్లి, నెత్తి మీదికి వచ్చాక రింగు జారిపోతుంది. ఆ తర్వాత మీకూ గ్లైడర్‌కూ మధ్య రేడియో ఒక్కటే. 9 నిమిషాల పని సమయం ఇస్తారు. అందులో 6 నిమిషాలు ఎగరాలి, ఎగిరి నేల మీది గుర్తు దగ్గర దిగాలి. అంతే ఆట.

అంతే అంటే సులువు అనిపిస్తుంది. చిన్న లెక్క వేద్దాం. రింగు జారినప్పుడు గ్లైడర్ 90 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. కదలని గాలిలో అది సెకనుకు 45 సెంటీమీటర్ల చొప్పున దిగుతుందనుకోండి. మంచి గ్లైడర్‌కు ఇది న్యాయమైన అంకె. భాగిస్తే 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల ఇరవై సెకన్లు. మనకు కావలసింది ఆరు నిమిషాలు. మిగతా రెండు నిమిషాల నలభై సెకన్లు ఎక్కడినుంచి వస్తాయి? రబ్బరు ఇవ్వదు, రేడియో ఇవ్వదు. పైకి లేచే గాలిని వెతికి పట్టుకోవాలి. గాలి సెకనుకు ఒక మీటరు చొప్పున లేస్తున్న చోట తిరిగితే మన గ్లైడర్ సెకనుకు 55 సెంటీమీటర్లు ఎక్కుతుంది. అదే వేగంతో కుంగుతున్న చోట ఉండిపోతే సెకనుకు 145 సెంటీమీటర్లు దిగిపోతుంది. ఆ 90 మీటర్లూ నిమిషం పైన రెండు మూడు సెకన్లలో అయిపోతాయి. ఒకే గ్లైడర్, ఒకే మైదానం, ఒకే నిమిషం. వంద మీటర్లు అటా ఇటా అన్నదే తేడా.

ఇప్పుడు చెక్క ఎందుకు అన్న ప్రశ్న. వెనుక వరుసలో ఉన్న ఆ అబ్బాయి ఇందాకే అడిగాడు, కార్బన్ ఉండగా ఈ అవస్థ ఎందుకని. 1970లలో ఈ ఆటలో చాలావరకు చెక్కే ఉండేది. తర్వాత అచ్చుల్లో చేసిన ఫైబర్, కార్బన్ గ్లైడర్లు వచ్చాయి. అవి గట్టివి, నునుపైనవి, ఎదురుగాలిలో దూసుకుపోతాయి. నాకు వాటిమీద కోపమేమీ లేదు. కాని అవి వచ్చాక ఇంట్లో బల్లమీద కట్టుకున్నవాడికీ, ఫ్యాక్టరీలో తయారైనది కొనుక్కున్నవాడికీ మధ్య మైదానం సమానంగా లేకుండా పోయింది. చెక్కకు ప్రత్యేక తరగతులు ఏర్పడటానికి అదొక కారణం. అమెరికాలో పాత డిజైన్లను ఎగరేయడానికి నోస్టాల్జియా అని ఒక తరగతే ఉంది.

చెక్క అంటే పాతకాలపువాళ్ల వ్యామోహం అనుకునేవారికి మార్క్ డ్రెలా పేరు చెబుతుంటాను. ఎంఐటీ ప్రొఫెసర్. రెక్క ఆకారాలను లెక్కగట్టే ఎక్స్‌ఫాయిల్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆయనదే. 1988లో ఒక మనిషి పెడల్ తొక్కుతూ క్రీట్ ద్వీపం నుంచి సాంటొరీని దాకా 115 కిలోమీటర్లు సముద్రం మీద ఎగిరిన డెడాలస్ విమానం రూపకర్తల్లో ఆయనొకరు. అంతటి మనిషి కూర్చుని బబుల్ డాన్సర్ అనే చెక్క గ్లైడర్‌ను గీశాడు. అదీ రడ్డర్, ఎలివేటర్, స్పాయిలర్ తరగతికే. బాల్సా అనే తేలిక చెక్క ముక్కల బరువుల దాకా లెక్క చూసి గీశాడు.

బాల్సా సంగతికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓర్చుకోండి. బాల్సా చెట్టు ఆరేడేళ్లలో కోతకు వస్తుంది. ప్రపంచానికి ఎక్కువగా సరఫరా చేసేది ఈక్వడార్. దుకాణంలో ఒకే సైజు పలకలు వరుసగా పేర్చి ఉంటాయి. మీటరు పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం అనుకోండి. చూడటానికి అన్నీ ఒకటే. కాటా మీద పెట్టి చూడండి, ఒకటి 15 గ్రాములు తూగుతుంది, దాని పక్కది 30. ఒకే చెట్టు జాతి, ఒకే పెట్టె, రెట్టింపు బరువు. అందుకే బాల్సా కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో గ్రాముల కాటా ఉండాలి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

బరువు ఒక్కటే చూస్తే చాలదు, పలకను వెలుగుకు పట్టి నార చూడాలి. పొడవాటి గీతలు తిన్నగా నడుస్తుంటే ఆ పలక అడ్డంగా సులువుగా వంగుతుంది. రెక్క ముందు అంచు చుట్టూ చుట్టడానికి అది కావాలి. చేప పొలుసుల్లా మచ్చలు మెరుస్తుంటే అది వంగదు, వంచితే విరుగుతుంది. రెక్కకు ఆకారమిచ్చే అడ్డపలకలకు, అంటే రిబ్బులకు, అదే సరైనది. ఈ రెండింటినీ తారుమారు చేసి, ముందు అంచుకు పొలుసు చెక్కను నీళ్లతో తడిపి, బతిమాలి వంచి, రాత్రంతా పిన్నులు గుచ్చి ఉంచి, పొద్దున చూస్తే నిలువునా చీలి ఉండటం నా అనుభవంలో రెండుసార్లు జరిగింది. మొదటిసారికి తెలియక, రెండోసారికి మొండితనం వల్ల.

తోక విషయంలో పిసినారిగా ఉండండి. గ్లైడర్ గరిమనాభి రెక్క దగ్గర ఉంటుంది. అక్కడినుంచి ముక్కు 25 సెంటీమీటర్ల దూరంలో, తోక 75 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. తోకలో ఒక గ్రాము పెంచితే దాన్ని తూచడానికి ముక్కులో మూడు గ్రాముల సీసం పెట్టాలి. అంటే ఒక గ్రాము నిర్లక్ష్యం నాలుగు గ్రాములవుతుంది. తోకకు జిగురు కొంచెం ఎక్కువైతే పోనీలే అనుకునేవాళ్లు ముక్కులో సీసం నింపేటప్పుడు నన్ను తలుచుకుంటారు. రెండు మీటర్ల గ్లైడర్ మొత్తం 450 గ్రాముల దగ్గర తూగితే బాగా కట్టినట్టే. రెక్కల వైశాల్యానికి పంచితే చదరపు డెసిమీటరుకు పన్నెండు పదమూడు గ్రాములు వస్తుంది. సైకిలు కాస్త జోరుగా తొక్కినంత వేగంతో తేలుతుంది.

తేలిక అన్నాను కదా అని ఎక్కడపడితే అక్కడ కోసెయ్యకూడదు. దీనికి నా దగ్గర ఒక శబ్దం ఉంది. ఛట్. నేను మూడో గ్లైడర్ కట్టినప్పటి మాట. రెక్క లోపల స్పార్ అంటే ఒక పుల్ల పైన, ఒక పుల్ల కింద. రబ్బరు లాగేటప్పుడు రెక్క పైకి వంగుతుంది, అప్పుడు పై పుల్ల నొక్కుకుంటుంది, కింది పుల్ల సాగుతుంది. రెండూ దగ్గరికి రాకుండా మధ్యలో బాల్సా పలకలు అతికిస్తారు. ఆ పలకల నార నిలువుగా ఉండాలి. నాకు పొడవాటి పలక చేతికందింది, నార అడ్డంగా ఉంది. పని త్వరగా అవుతుందని అలాగే అతికించేశాను. బయటికి ఏం కనిపిస్తుంది? పైన ఎర్ర ఫిల్ము, నిగనిగలాడుతోంది. అందరూ బాగుందన్నారు. రబ్బరు బాగా లాగి వదిలాను. ముప్పై మీటర్ల ఎత్తులో ఛట్ అని ఒక్క శబ్దం. రెండు రెక్కలూ చప్పట్లు కొట్టినట్టు పైకి కలుసుకున్నాయి. ఫిల్ము మాత్రం చిరగలేదు, లోపలి ముక్కలన్నీ సంచిలో పోసినట్టు కిందికి తెచ్చింది. విప్పి చూస్తే అడ్డనార పలకలన్నీ నార వెంబడి చీలి ఉన్నాయి. ఒక్క నిలువునార ముక్క మాత్రం, పలక చాలక చివర అతికించింది, చెక్కుచెదరలేదు.

విరిగాక ఏమవుతుందన్నది కూడా చెక్కకు అనుకూలమే. ఎక్కడ విరిగిందో తెలుస్తుంది. త్వరగా అంటుకునే జిగురు, రెండు బాల్సా ముక్కలు, ఉప్పుకాగితం ఉంటే ఒక రౌండుకూ ఇంకో రౌండుకూ మధ్య మైదానంలోనే కూర్చుని అతికించుకోవచ్చు. మరమ్మతు చేసిన రెక్కతో నన్ను ఓడించినవాళ్లున్నారు. కట్టినవాడికి ప్రతి రిబ్బూ తెలుసు కనుక ఎక్కడ తట్టి చూడాలో కూడా తెలుస్తుంది.

రెక్క ఎవరి దగ్గరుంది? ఆ, మూడో వరుసలో. మధ్యలో ఒకచోట పైకి వంగి ఉండటం గమనించండి. ఏలెరాన్లు లేని గ్లైడర్ ఎలా తిరుగుతుందో ఆ వంపులో ఉంది. రడ్డర్ ఎడమకు తిప్పితే ముక్కు ఎడమకు తిరుగుతుంది, కాని గ్లైడర్ ఇంకా పాత దారిలోనే జారుతూ ఉంటుంది. కుడిరెక్క ముందుకు వస్తుంది. పైకి వంగి ఉన్నందువల్ల దాని కిందికి గాలి ఎక్కువ కోణంలో తగులుతుంది. కుడిరెక్క లేస్తుంది, గ్లైడర్ ఎడమకు ఒరిగి మలుపు తీసుకుంటుంది. ఆజ్ఞకూ ఒరగడానికీ మధ్య ఒక క్షణం ఆలస్యం ఉంటుంది. కొత్తవాళ్లు ఆ క్షణంలో కంగారుపడి రడ్డర్ ఇంకా తిప్పుతారు. వద్దు. అడిగారు కదా, వింటోంది, ఆగండి.

ఈ వంపు రెండో పని కూడా చేస్తుంది. వదిలేస్తే గ్లైడర్ తనంతట తానే సర్దుకుని తిన్నగా పోతుంది. మనం చేతులు కదపకుండా ఉంటేనే గాలి దాన్ని ఏం చేస్తోందో కంటికి తెలుస్తుంది. ఎడమరెక్క కొస కాస్త లేచిందా? ఎడమవైపు గాలి లేస్తోంది. అది మనల్ని కుడికి తోసెయ్యాలని చూస్తుంది. మనం ఎదురు తిరిగి, లేచిన రెక్క వైపే వెళ్లాలి. తోక ఎత్తుకుని గ్లైడర్ ఒక్కసారి చురుకెక్కిందా? లేచే గాలిలోకి అడుగుపెట్టాం. బురదలో నడుస్తున్నట్టు మందగించిందా? కుంగే గాలి, అక్కడినుంచి బయటపడాలి. బరువైన గ్లైడర్‌కు ఈ సైగలు అందవని కాదు, ఆలస్యంగా, చిన్నగా అందుతాయి. తేలిక చెక్క రెక్క మీద అవి పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. చేతిలోని రేడియో పెట్టె కర్రలు ఎప్పుడూ కదిలించేవాడికి మాత్రం ఏదీ కనిపించదు. ఆ కదలిక గాలిదో తనదో తెలియదు కదా.

సరిచూసుకోవడం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. గరిమనాభి సరైన చోట ఉందో లేదో తెలుసుకోవడానికి, ఎత్తులో ఉండగా ముక్కును కిందికి దించి, కర్ర వదిలేసి చూడండి. గబుక్కున పైకి లేస్తే ముక్కు బరువెక్కువ. ఇంకా నిలువుగా మునిగిపోతుంటే తోక బరువెక్కువ, వెంటనే లాగండి. నిదానంగా, బద్ధకంగా లేచిందా, చేయి పెట్టకండి. మిగతాదంతా ఒక్కొక్క గ్లైడర్‌ను బట్టి ఉంటుంది.

ఇక గాలి. ఎండకు నేల వేడెక్కుతుంది, కాని అంతటా ఒకేలా కాదు. దున్నిన పొలం, రాతి నేల, తారు రోడ్డు త్వరగా కాగుతాయి. తడి గడ్డి ఆలస్యం చేస్తుంది. కాగిన నేలను ఆనుకున్న గాలి వేడెక్కి, కాసేపు అక్కడే అతుక్కుని, ఏదో ఒక కదలికకు విడిపోయి పైకి లేస్తుంది. దాన్నే థర్మల్ అంటాం. అది ఒకచోట పాతిన స్తంభం కాదు. వీచే గాలితో పాటు కొట్టుకుపోతుంది. లేచినచోట ఖాళీ ఏర్పడకూడదు కనుక చుట్టుపక్కల గాలి నేల మీదుగా దానివైపు పరుగెత్తుతుంది. మన పనంతా ఈ పరుగును పసిగట్టడమే.

నేను ఏం చేస్తానంటే, నా వంతు రావడానికి పావుగంట ముందే మైదానంలో నిలబడతాను. కర్రకు కట్టిన సన్నటి రిబ్బను ఉంటుంది. పడమటి గాలి నిలకడగా వీస్తోందనుకోండి. ఉన్నట్టుండి రిబ్బను వాలిపోయి, బుగ్గకు వెచ్చగా తగిలిందంటే గాలికి ఎదురువైపు, అంటే పడమట, ఒక థర్మల్ లేస్తోంది. అది గాలిని తనవైపు లాక్కుంటోంది కనుక మన దగ్గర పడమటి గాలి తగ్గింది. కాసేపటికి గాలి చల్లగా, బలంగా మొదలైందంటే అది మనల్ని దాటి తూర్పుకు వెళ్లిపోయింది. రిబ్బను ఒక పక్కకు తిరిగితే అది చూపించే వైపు వెళ్లండి. గద్దలు రెక్క ఆడించకుండా చుట్టూ తిరుగుతుంటే అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పురుగులను పట్టి తినే చిన్న పిట్టలు ఒక్కచోట గుమిగూడి పిచ్చిగా తిరుగుతుంటే అదీ సాక్ష్యమే. లేచే గాలి పురుగులను పైకి తీసుకుపోతుంది, పిట్టలు వాటి వెంట పోతాయి.

ఇన్ని తెలిసీ ఓడిన ఒక రౌండు చెబుతాను. నాకు మైదానంలో సహాయకుడిగా ఉండే ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన స్టాప్‌వాచ్ పట్టుకుని నా పక్కన నిలబడి, మిగతా గ్లైడర్లు ఏం చేస్తున్నాయో చెబుతుంటారు. నేను నా గ్లైడర్ మీంచి కళ్లు తిప్పకూడదు కనుక నాకు ఆయనే రెండో జత కళ్లు. అంతకుముందు రౌండులో కుడివైపు చెట్ల అంచున అందరికీ మంచి థర్మల్ దొరికింది. నేను రింగు జారగానే నేరుగా కుడికి తిప్పాను. నాలుగైదు సెకన్లలో ఎడమరెక్క కొస లేచింది. చిన్నగానే, కాని స్పష్టంగా.

“ఎడమ,” అన్నారు మాస్టారు.

“చెట్ల దగ్గర ఉంటుంది మాస్టారూ.”

“చెట్ల దగ్గర ఇందాక ఉంది బాబూ. ఇప్పుడు ఎడమ.”

నేను చెట్ల దాకా వెళ్లాను. అక్కడ ఏమీ లేదు. అంటే పూర్తిగా లేకపోవడం కాదు. అదే అయితే వెంటనే తిరిగొచ్చేవాణ్ణి. దిగడం కొంచెం తగ్గినట్టు అనిపించే గాలి ఉంది. ఎక్కదు, దిగదు అన్నట్టు ఊరిస్తుంది. ఈ ఆటలో దానికంటే ప్రమాదమైనది లేదు. ఒక చుట్టు తిరిగాను, రెండు తిరిగాను. “నిలబడింది చూడండి” అని కూడా అన్నాను. మాస్టారు ఏమీ అనలేదు, సెకన్లు మాత్రం చదివారు. ఆరు చుట్లయ్యాక చూస్తే చెట్ల కొమ్మలు గ్లైడర్ కంటే పైకి కనిపిస్తున్నాయి. రెండు నిమిషాల యాభై సెకన్లకు నేల మీద ఉన్నాను. తలెత్తితే ఎడమవైపు ఇద్దరి గ్లైడర్లు చుక్కల్లా ఉన్నాయి. పని సమయం మిగిలి ఉంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు. పరుగెత్తి వెళ్లి రబ్బరు లాగాను కూడా. కాని గడియారం ఆగదు. ఆరు నిమిషాలు పూర్తి చేసేంత సమయం అప్పటికే లేదు.

ఆ తర్వాత నాకొక నియమం పెట్టుకున్నాను. ఒక చోట రెండు పూర్తి చుట్లు తిరిగాక మొదటి చుట్టు కంటే ఎత్తులో లేకపోతే వెళ్లిపోవడమే. మాస్టారు “రెండు” అంటారు, నేను కదులుతాను. అక్కడ వాదన లేదు. వెళ్లేటప్పుడు కూడా దిగులుగా, నెమ్మదిగా వెళ్లకూడదు. కుంగే గాలిలో ముక్కు కొంచెం దించి వేగంగా దాటాలి. ఎంత తక్కువసేపు అందులో ఉంటే అంత తక్కువ నష్టం. లేచే గాలి తగలగానే నెమ్మదించాలి. మనసు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెబుతుంది. దిగిపోతున్నప్పుడు ముక్కు ఎత్తి ఎత్తును కాపాడుకోవాలనిపిస్తుంది. ముక్కు ఎత్తితే అక్కడే వేలాడుతూ దిగుతాం.

థర్మల్ దొరికాక ఇంకో ఉచ్చు ఉంది. గ్లైడర్ చక్కగా ఎక్కుతుంటుంది, మనకు ఆనందం. కాని అది గాలితో పాటు కొట్టుకుపోతోంది. గాలి వేగం సెకనుకు 3 మీటర్లయితే రెండు నిమిషాల్లో 360 మీటర్ల దూరం. వెనక్కు రావాలంటే ఎదురుగాలి. గ్లైడర్ సెకనుకు 8 మీటర్లు పోయినా నేల మీద లెక్క 5 మీటర్లే. అంటే 72 సెకన్లు, అంతసేపూ దిగుతూనే. ఆ దారిలో కుంగే గాలి తగిలితే? అంత దూరాన రెండు మీటర్ల గ్లైడర్ సన్నటి గీతలా కనిపిస్తుంది, అది మనవైపు వస్తోందో పోతోందో కూడా కొన్నిసార్లు తెలియదు. అప్పుడు రడ్డర్ కొంచెం తిప్పి ఎటు ఒరిగిందో చూడాలి. రెక్క అడుగు భాగానికి ముదురు రంగు, పై భాగానికి ప్రకాశవంతమైన రంగు వేసేది అందుకే. నేను ఒకసారి లేత నీలం వేశాను. ఇంట్లో గోడకు తగిలించినప్పుడు ఎంతో అందంగా ఉండేది. ఆకాశంలో పెట్టాక మాత్రం నాకే కనిపించలేదు. (నవ్వులు)

పాయింట్ల సంగతి. ఒక్కో గ్రూపును ఒకేసారి ఎగరేస్తారు. ఆ గ్రూపులో మొదటివాడికి 1000, మిగతావారికి అతనితో పోల్చి ఇస్తారు. దీనిలో న్యాయముంది. గాలి చచ్చిపోయిన గ్రూపులో అందరూ మూడు నిమిషాలకే దిగితే, మూడు నిమిషాల పది సెకన్లు ఉన్నవాడికీ వెయ్యే. కాబట్టి గాలి బాగాలేదని దిగులుపడకండి. మీ పక్కవాడికీ అదే గాలి. చెడ్డ గాలిలో పది సెకన్లు ఎక్కువ నిలవడం, మంచి గాలిలో ఆరు నిమిషాలు నిలవడం కన్నా చాలా కష్టం. పోటీలు అక్కడే తేలతాయి.

దిగడం గురించి ఎవరూ అడగరు, కాబట్టి నేనే చెబుతాను. గుర్తుకు గ్లైడర్ ముక్కు ఎంత దూరంలో ఆగిందో టేపుతో కొలుస్తారు. గుర్తుకు చేరువయ్యేకొద్దీ పాయింట్లు. గడియారం ఆరు నిమిషాలు చూపించే క్షణానికే గ్లైడర్ అక్కడ ఆగాలి. చివరి అర నిమిషం సహాయకుడు సెకన్లు వెనక్కు లెక్కపెడతాడు. చెక్క గ్లైడర్ తేలిక కనుక దిగనంటుంది. గుర్తు మీదుగా నడుమెత్తున తేలుతూ పోతుంది. అందుకే స్పాయిలర్, అంటే రెక్క పైభాగాన తలుపులా తెరుచుకునే పలక. తెరిస్తే అక్కడ రెక్క పని ఆగిపోయి గ్లైడర్ దిగుతుంది. ఒక్కసారిగా పూర్తిగా తెరిస్తే ముక్కు తలవంచవచ్చు, కాబట్టి దానికి తగినంత ఎలివేటర్ కూడా కదిలేలా ట్రాన్స్‌మిటర్‌లో కలిపి పెట్టుకోవాలి. ఎంత కలపాలో బల్ల మీద తేలదు, ఎత్తులో తెరిచి చూసి తెలుసుకోవాలి. నేను నడుమెత్తులో తెరిచి చూసి తెలుసుకున్నాను. ఆ ముక్కు ఇప్పటికీ మా ఇంట్లో పెన్నులు పెట్టుకోవడానికి ఉపయోగపడుతోంది. సాధనకు వచ్చిన రోజు పది సార్లు ఎగరేస్తే పదిసార్లూ గుర్తు పెట్టుకుని దిగండి. థర్మల్ దొరకడం మన చేతిలో ఉండదు, ఇది ఉంటుంది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? మొదటి గ్లైడర్‌ను గీసుకుని కట్టాలా అంటున్నారు. అక్కర్లేదు. లేజర్‌తో కోసిన ముక్కల కిట్లు దొరుకుతున్నాయి, ముక్కలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. బల్ల చదునుగా ఉంటే చాలు. బల్ల వంకరైతే రెక్క మెలి తిరుగుతుంది, అప్పుడు ఎంత రడ్డర్ వేసినా తిన్నగా పోదు. ఎంతసేపు ఎగరగలవని ఇంకొకరు. పోటీలో ఆరు నిమిషాలే. కాని 1969లో అమెరికాలో మొదలైన లీగ్ ఆఫ్ సైలెంట్ ఫ్లైట్ అనే సంస్థ అయిదు మెట్లు పెట్టింది. చివరి మెట్టు ఎక్కాలంటే థర్మల్ గాలిలో ఒకే ఎగురుడులో 2 గంటలు, కొండ గాలిలో 8 గంటలు ఉండాలి. ఎనిమిది గంటలు తలెత్తి నిలబడినవారి మెడ గురించి నన్ను అడగకండి. రేడియోలు ఒకదానికొకటి అడ్డుపడవా అని ఆ అమ్మాయి అడుగుతోంది. పూర్వం అడ్డుపడేవి. ఒకే చానల్ మీద ఇద్దరు ఆన్ చేస్తే ఒకరి గ్లైడర్ కూలేది. బోర్డు మీది చానల్ క్లిప్పు ఎవరి చొక్కాకు ఉంటే వారికే ఆన్ చేసే హక్కు. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక ఆ క్లిప్పులన్నీ ఇళ్లలో బట్టలు ఆరేసుకోవడానికి పోయాయి.

రెక్క తిరిగి వచ్చినట్టుంది, ఇటివ్వండి. ఆ... నాలుగో రిబ్బుకూ అయిదో రిబ్బుకూ మధ్య బొటనవేలంత రంధ్రం. (నవ్వులు) ఎవరని అడగను. చెక్కకేమీ కాలేదు, ఫిల్ము మాత్రమే పోయింది. వెనుక బల్ల మీద చిన్న ఇస్త్రీ పెట్టె పెట్టి ఉంచాను, ఇలాంటిది ఏదో జరుగుతుందనే. ఎర్ర ఫిల్ము ముక్క కూడా ఉంది. రంధ్రం కంటే వేలెడు పెద్దగా, మూలలు గుండ్రంగా కత్తిరించాలి, మూల ఉంటే లేచిపోతుంది. అంచులు ముందు అతికించి, తర్వాత మధ్యలో వేడి చూపిస్తే బిగుసుకుంటుంది. చేసినవారే వచ్చి అతికించండి, నేను పక్కన ఉంటాను.